రోగనామం, లింగమూస, చికిత్సకుని చూపు: కేస్‌షీట్ భాషపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
మానసిక వైద్యంలో రోగనిర్ధారణ ఒక సాంకేతిక నామం. అది రోగి స్థితిని క్లుప్తంగా తెలపడానికి ఏర్పడింది. ఒకసారి కేస్‌షీట్‌లోకి ఎక్కిన తరువాత ఆ నామమే రోగి మాటలకు, ప్రవర్తనకు వ్యాఖ్యానంగా మారుతుంది. రోగి స్త్రీయా పురుషుడా అన్న విషయం ఆ నామం కంటే ముందే చికిత్సకుని చూపును ప్రభావితం చేస్తుంది. ఈ రెండింటిపై గత అర్ధశతాబ్దంలో వెలువడిన కొన్ని ముఖ్య ప్రయోగాలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. పక్షపాతం లక్షణాలను గుర్తించే దశలో కంటే వాటికి పేరు పెట్టే దశలో బలంగా పనిచేస్తుందని ప్రతిపాదిస్తుంది. తెలుగులో చెప్పిన రోగి వృత్తాంతం ఇంగ్లీషు కేస్‌షీట్‌గా మారినప్పుడు పోయేదేమిటో, మిగిలేదేమిటో చర్చిస్తుంది.

కీలకపదాలు: రోగనిర్ధారణ, లింగవివక్ష, మూసభావన, వ్యక్తిత్వ రుగ్మత, కేస్‌షీట్, మహదమహత్తులు, వ్యంజన.

1. ప్రవేశిక

కథకు శీర్షిక పెట్టడం రచయిత పని. ఆ శీర్షిక వెలుగులో కథను చదవడం పాఠకుని అలవాటు. ఆసుపత్రిలోని కేస్‌షీట్ కూడా ఒక కథనమే. దానికి ఒక పాత్ర, ఒక పూర్వరంగం, ఒక సంక్షోభం ఉంటాయి. పై వరుసలో రోగనామం శీర్షికలా నిలుస్తుంది. అయితే కథలోని పాత్రకు శీర్షిక వలన నష్టమేమీ ఉండదు. కేస్‌షీట్‌లోని పాత్ర మాత్రం సజీవంగా బల్లకు అవతలి వైపున కూర్చుని ఉంటుంది. శీర్షికను చదివిన వ్యక్తి ఆమెను పడకలో చేర్చుకోవాలా, ఇంటికి పంపాలా, ఆమె మాటను నమ్మాలా వద్దా అని నిర్ణయిస్తాడు.

ఈ అంశం చర్చకు వచ్చిన ప్రతిసారీ డేవిడ్ రోజెన్‌హాన్ 1973లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన అధ్యయనాన్ని ఉదాహరించడం పరిపాటి. ఆరోగ్యవంతులైన 8 మంది ఏవో శబ్దాలు వినిపిస్తున్నాయని చెప్పి 12 ఆసుపత్రులలో చేరారనీ, లోపల వారు మామూలుగా ప్రవర్తించినా, నోటుపుస్తకంలో రాసుకోవడం సైతం రోగి ప్రవర్తనగా నమోదైందనీ అందులో ఉంది. పాత్రికేయురాలు సుసానా కహలన్ 2019 నాటి తన గ్రంథంలో ఆ అధ్యయనపు విశ్వసనీయతపై గట్టి సందేహాలు లేవనెత్తింది. ఎంత ప్రసిద్ధమైనదైనా దానిని ఇక్కడ ఆధారంగా గ్రహించడం లేదు. అంతకంటే నిరాడంబరమైన, అంతకంటే పదునైన ప్రయోగాలు ఉన్నాయి.

2. ‘ఆరోగ్యవంతమైన మనిషి’ ఎవరు?

1970లో ఇంగె బ్రోవర్‌మన్, ఆమె సహపరిశోధకులు అమెరికాలో 79 మంది చికిత్సకులకు ఒక ప్రశ్నావళి ఇచ్చారు. వారిలో 46 మంది పురుషులు, 33 మంది స్త్రీలు. మానసిక వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, సామాజిక కార్యకర్తలు ఇందులో ఉన్నారు. 122 గుణాల జతలు చూపి, ఒక వర్గాన్ని ఆరోగ్యవంతుడైన పురుషుని వర్ణించమన్నారు. ఇంకొక వర్గాన్ని ఆరోగ్యవంతురాలైన స్త్రీని, మూడవ వర్గాన్ని స్త్రీ పురుష భేదం చెప్పకుండా ఆరోగ్యవంతమైన వయోజన వ్యక్తిని వర్ణించమన్నారు. పురుషుని వర్ణన, వయోజన వ్యక్తి వర్ణన ఇంచుమించు ఒకటిగా వచ్చాయి. స్త్రీ వర్ణన వేరుగా వచ్చింది. ఆరోగ్యవంతురాలైన స్త్రీ ఎక్కువ లొంగుబాటు, తక్కువ స్వతంత్రత, తేలికగా ప్రభావితమయ్యే స్వభావం కలదిగా చిత్రితమైంది. ఈ విషయంలో స్త్రీ చికిత్సకులకూ పురుష చికిత్సకులకూ మధ్య భేదం కనిపించలేదు.

ఫలితార్థం స్పష్టమే. స్త్రీ తన ‘స్త్రీత్వాన్ని’ పాటిస్తే పూర్తి వయోజన వ్యక్తి కాలేదు. వయోజన వ్యక్తిగా నిలబడితే స్త్రీత్వం లోపించినదవుతుంది. స్త్రీవాద మనోవిజ్ఞానానికి ఈ అధ్యయనం ఒక మూలస్తంభమైంది.

అయితే 1987లో థామస్ విడిగర్, షిర్లీ సెటిల్ దీనిని పునఃపరిశీలించి ఒక నిర్మాణదోషాన్ని చూపారు. మూసభావనలను కొలవడానికి తీసుకున్న 38 జతలలో 27 జతలకు పురుష గుణం వైపున, 11 జతలకు మాత్రమే స్త్రీ గుణం వైపున వాంఛనీయత ఉంది. తూకంలో ఒక పళ్ళెం ముందే బరువెక్కి ఉన్నప్పుడు ఫలితం అటే మొగ్గుతుంది. ఈ ఆక్షేపణ సమంజసమైనది. బ్రోవర్‌మన్ అధ్యయనాన్ని నేటికీ ప్రశ్నించకుండా ఉదాహరించే వ్యాసాలు ఈ విమర్శను దాటవేయడం సరికాదు. అయినా దీనితో విషయం ముగిసిందనుకోవడమూ తొందరపాటే. ఆ గుణాలను ఆకాశం నుంచి తేలేదు. కళాశాల విద్యార్థుల అభిప్రాయాల నుంచి సేకరించారు. మెచ్చుకోదగిన గుణాలను లెక్కించమంటే పురుషుని పళ్ళెంలో 27, స్త్రీ పళ్ళెంలో 11 పడ్డాయంటే ఆ అసమత పరిశోధకుల కంటే ముందు ఆ భాషలోనే ఉంది. పరికరంలో దోషంగా బయటపడినది సమాజపు పదసంపదలోని దోషం కూడా. ఈ అధ్యయనం చికిత్సకుల మనస్సును ఎంత చూపిందో చెప్పడం కష్టం. వారు వాడక తప్పని మాటలను మాత్రం బాగా చూపింది.

3. వర్ణనకూ నామకరణానికీ మధ్య

ఈ వ్యాసానికి కీలకమైన ప్రయోగం 1989 నాటిది. మౌరీన్ ఫోర్డ్, థామస్ విడిగర్ మనస్తత్వ శాస్త్రజ్ఞులకు కల్పిత రోగుల వృత్తాంతాలు పంపారు. కొన్నింటిలో సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత లక్షణాలు, కొన్నింటిలో హిస్ట్రియానిక్ వ్యక్తిత్వ రుగ్మత లక్షణాలు, మరికొన్నింటిలో రెండూ కలిసి ఉన్నాయి. వృత్తాంతం మారదు, రోగి పురుషుడా, స్త్రీయా, చెప్పలేదా అన్నది మాత్రమే మారుతుంది. ఒక వర్గాన్ని రోగనిర్ధారణ చేయమన్నారు. మరొక వర్గానికి వృత్తాంతంలోని ఒక్కొక్క అంశాన్ని విడదీసి ఇచ్చి, అది సంబంధిత ప్రమాణానికి ఎంతవరకు సరిపోతుందో చెప్పమన్నారు.

రోగనిర్ధారణ చేసిన వర్గంలో లింగవివక్ష కనిపించింది. ఒకే వృత్తాంతానికి స్త్రీ అయితే హిస్ట్రియానిక్ వైపు, పురుషుడైతే సంఘవ్యతిరేక వైపు మొగ్గు వచ్చింది. ప్రమాణాలను విడివిడిగా పరిశీలించిన వర్గంలో ఆ వివక్ష కనిపించలేదు. అంటే చికిత్సకుడు లక్షణాన్ని లక్షణంగా చూసినప్పుడు న్యాయంగానే చూస్తున్నాడు; వాటన్నింటినీ ఒక పేరుకింద పోగు చేసేటప్పుడు తడబడుతున్నాడు.

ఇదే విషయం మరొక దిక్కు నుంచి 2016లో తేలింది. లామ్, సాల్కోవ్‌స్కిస్, హాగ్ బ్రిటన్‌లో 265 మంది చికిత్సకులకు పానిక్ డిజార్డర్‌తో వచ్చిన ఒక వ్యక్తి పరీక్షను వీడియోలో చూపించారు. చూడబోయే ముందు ఒక వర్గానికి సాధారణ నేపథ్యం మాత్రమే ఇచ్చారు. రెండవ వర్గానికి బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మతకు సరిపోయే ప్రవర్తనను వర్ణించి, పేరు చెప్పకుండా వదిలేశారు. మూడవ వర్గానికి ఆ పేరును కూడా చెప్పారు. వీడియో అందరికీ ఒకటే. మూడవ వర్గంవారు రోగి సమస్యను, కోలుకునే అవకాశాన్ని మిగిలిన ఇద్దరి కంటే నిరాశాజనకంగా అంచనా వేశారు. వర్ణన వలన కలగని నష్టం పేరు వలన కలిగింది.

ఈ రెండు ప్రయోగాలకూ మధ్య 27 సంవత్సరాల దూరం ఉంది. ఒకటి లింగం గురించి, మరొకటి రోగనామం గురించి. సాధారణంగా వీటిని వేర్వేరు శీర్షికల కింద చర్చిస్తారు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే చోట వేలు పెడుతున్నాయి. వర్ణన నుంచి నామకరణానికి దాటే ఆ చిన్న గడప దగ్గరే మూసభావన లోపలికి వస్తున్నది.

తెలుగు వ్యాకరణ, అలంకారశాస్త్రాలు చదివినవారికి ఈ గడప పరిచితమైనదే. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ సంజ్ఞాపరిచ్ఛేదంతో మొదలవుతుంది. సంజ్ఞ అన్నది లాఘవం కోసం శాస్త్రకారుడు చేసుకున్న ఒప్పందం. దానికి శాస్త్రంలో నిర్దేశించిన అర్థం తప్ప మరేమీ ఉండరాదు. రోగనామం కూడా సూత్రప్రాయంగా అలాంటి సంజ్ఞే. బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మత అంటే అమెరికన్ మానసిక వైద్యుల సంఘం ప్రచురించే నిర్ధారణ గ్రంథం, అంటే డి.ఎస్.ఎం., ప్రకారం 9 లక్షణాలలో కనీసం 5 ఉండటం. లెక్క వేస్తే ఆ అయిదు లేక అంతకంటే ఎక్కువ లక్షణాలు 256 విధాలుగా కలవవచ్చు. ఒకే పేరు మోస్తున్న ఇద్దరు వ్యక్తుల మధ్య ఒక్క లక్షణమే సమానంగా ఉండే అవకాశం కూడా ఉంది. అభిధ ఇంత వదులుగా ఉన్నచోట వ్యంజన ఆ ఖాళీని నింపుతుంది. వార్డులో ఆ పేరు వినగానే స్ఫురించేది తొమ్మిదింట అయిదు కాదు. ‘ఈమెతో కష్టం’ అన్న ధ్వని.

ఆ ధ్వని ఎలాంటిదో గ్లిన్ లూయిస్, లూయిస్ ఆపిల్‌బీ 1988లో బ్రిటన్ మానసిక వైద్యులపై చేసిన అధ్యయనం వివరించింది. వృత్తాంతం క్లుప్తమైనది. 34 ఏళ్ళ వ్యక్తి. దిగులు, ఏడుపు, అప్పులు, నిద్రలేమి, ఆత్మహత్య ఆలోచన. రెండేళ్ళ క్రితం ఒకసారి మాత్రలు మింగిన చరిత్ర ఉంది. కొందరికి పంపిన ప్రతిలో ఒక్క వాక్యం అదనంగా చేరింది: అప్పట్లో చూసిన వైద్యుడు వ్యక్తిత్వ రుగ్మత అని నిర్ధారించాడని. ఆ వాక్యం చదివినవారికి అదే రోగి విసుగు తెప్పించేవాడుగా, దృష్టిని ఆకర్షించడానికి ప్రయత్నించేవాడుగా, ఇతరులను తన అవసరానికి మలచుకునేవాడుగా కనిపించాడు. చికిత్సకు అంతగా అర్హుడు కాదనిపించాడు. ఆత్మహత్య ఆలోచన, అప్పులు కూడా అతని అదుపులోనే ఉన్నాయనిపించింది. చివరి అంశాన్ని తేలికగా వదిలేయకూడదు. ఆత్మహత్య ఆలోచన రోగి అదుపులో ఉందని నమ్మే వైద్యుడు ఆ రాత్రికి అతనిని ఇంటికి పంపగలడు.

లూయిస్, ఆపిల్‌బీ ఆ పేరునే రద్దు చేయాలని సూచించారు. ఆ సూచన వెనుక ఉన్న ఆగ్రహం అర్థమవుతుంది కానీ అది పూర్తి పరిష్కారం కాదు. పేరు లేనిదే చికిత్సా పద్ధతి రూపొందదు. మార్షా లైన్‌హాన్ డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించి 1993లో గ్రంథంగా వెలువరించినప్పుడు అది బోర్డర్‌లైన్ అన్న పేరును ఆధారం చేసుకునే సాధ్యమైంది. తానూ యౌవనంలో ఆసుపత్రిలో బందీగా గడిపినట్లు, తనకు స్కిజోఫ్రెనియా అన్న పేరు పెట్టినట్లు ఆమె 2011లో బహిరంగంగా చెప్పింది. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రం పొందాలన్నా రోగనామం తప్పదు. పేరును తొలగించడం కంటే, పేరు ఎక్కడ నిలబడాలి, దానికంటే ముందు ఏమి చదవాలి అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

4. గర్భకోశం నుంచి రంగస్థలానికి

హిస్టీరియా అన్న మాట గర్భకోశాన్ని సూచించే గ్రీకు పదం నుంచి వచ్చింది. 19వ శతాబ్దిలో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్టిన్ షార్కో పురుషులలోనూ హిస్టీరియా ఉంటుందని వాదించాడు. అయినా పేరులోని స్త్రీత్వం చెక్కుచెదరలేదు. 1980లో డి.ఎస్.ఎం. మూడవ కూర్పు హిస్టీరియా పదాన్ని తొలగించింది. వ్యక్తిత్వ రుగ్మతల జాబితాలో దాని స్థానంలో హిస్ట్రియానిక్ అన్న మాట స్థిరపడింది. ఇది ‘నటుడు’ అనే అర్థంగల లాటిన్ పదం నుంచి పుట్టింది. రెండు పదాలూ వినడానికి దగ్గరగా ఉన్నా వాటి మధ్య వ్యుత్పత్తి సంబంధం లేదు. గర్భకోశాన్ని వదిలించుకోవడానికి చేసిన సంస్కరణ స్త్రీని తిన్నగా రంగస్థలం మీదికి ఎక్కించింది. తెలుగు ఇళ్ళలో ‘నాటకాలాడుతోంది’, ‘వేషాలు వేస్తోంది’ అన్న నిందలు కూడా రంగస్థలం నుంచి వచ్చినవే. లాటిన్ శాస్త్రపదానికీ వంటింటి దెప్పుమాటకూ ఇంత సామ్యం కుదరడం గమనించదగినది. బాధపడుతున్న స్త్రీని నటిగా చూడటం ఏ ఒక్క భాషకో పరిమితమైన అలవాటు కాదు.

బోర్డర్‌లైన్ విషయంలో లెక్కలే మారాయి. 1994 నాటి డి.ఎస్.ఎం. నాల్గవ కూర్పు ఈ రుగ్మత నిర్ధారణ అయినవారిలో సుమారు 75 శాతం స్త్రీలని పేర్కొంది. 2008లో బ్రిడ్జెట్ గ్రాంట్ బృందం ఆసుపత్రులలో కాక, అమెరికా జనసామాన్యంలో జరిపిన పెద్ద సర్వే ఫలితాలు ప్రకటించింది. ఇందులో ఈ రుగ్మత 5.9 శాతం మందిలో కనిపించింది. స్త్రీ పురుషుల మధ్య చెప్పుకోదగిన భేదం లేదు. ఆసుపత్రికి ఎవరు వస్తారు అన్నది ఈ అంతరానికి ఒక కారణం కావచ్చు. వచ్చిన తరువాత ఎవరికి ఏ పేరు పడుతుంది అన్నది మరొక కారణం. డానా బెకర్, షారన్ లాంబ్ 1994లో చేసిన అధ్యయనం ఈ రెండవ కారణానికి బలం చేకూర్చింది. అందులో ఒకే వృత్తాంతం స్త్రీదని చెప్పినప్పుడు చికిత్సకులు బోర్డర్‌లైన్ పేరుకు ఎక్కువ మార్కులు వేశారు.

ఆ అధ్యయనంలో బోర్డర్‌లైన్‌కు పోటీగా నిలిపినది ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత. ఈ పోటీ యాదృచ్ఛికమైనది కాదు. ఆఘాతం పేరు ‘ఈమెకు ఏమి జరిగింది?’ అని అడుగుతుంది. వ్యక్తిత్వం పేరు ‘ఈమె ఎలాంటిది?’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబులో ఒక దోషి ఉండవచ్చు. రెండవ ప్రశ్నకు జవాబులో ఉండేది ఆమె ఒక్కతే. జూడిత్ హెర్మన్ 1992లోనే ఈ తేడాను గుర్తించి, దీర్ఘకాల హింస అనుభవించినవారికి వేరే నిర్ధారణ అవసరమని వాదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు 2022లో అమలులోకి వచ్చినప్పుడు సంక్లిష్ట ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతకు అందులో చోటు దక్కింది. అదే కూర్పు వ్యక్తిత్వ రుగ్మతల పాత రకాలను దాదాపు అన్నింటినీ తొలగించింది. బోర్డర్‌లైన్‌ను మాత్రం ఒక విశేషణంగా నిలుపుకుంది.

ఈ వివక్ష స్త్రీలకే నష్టం చేస్తుందనుకోకూడదు. పురుషుని వృత్తాంతాన్ని సంఘవ్యతిరేక పెట్టెలో వేసిన చికిత్సకుడు అతని దిగులును, భయాన్ని చూడడు. ఆ పెట్టెకు ఆసుపత్రి కంటే జైలు దగ్గర.

5. పెళ్ళి, పిచ్చి, న్యాయస్థానం

భారతదేశంలో రోగనామం ఆసుపత్రి గోడల మధ్య ఆగదు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్న సామెత తెలుగునాట ఉన్నదే. ఆ సామెతలోని చిక్కుముడి కుటుంబ న్యాయస్థానంలో విప్పవలసి వస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ మానసిక రుగ్మతను విడాకులకు ఒక కారణంగా గుర్తించింది. స్కిజోఫ్రెనియా అన్న పేరుతో భార్యపై వేసిన ఒక పిటిషన్‌ను 1988లో పరిశీలించిన సుప్రీంకోర్టు, పేరు ఒక్కటే చాలదని తేల్చింది. రుగ్మత ఏ స్వభావంలో, ఏ స్థాయిలో ఉందో నిరూపించాలన్నది. ఒక మనిషిని తొందరపడి పనికిరాని వస్తువుగా కుదించకూడదన్న వైద్యశాస్త్రపు ఆందోళన న్యాయశాస్త్రానిది కూడా అని పేర్కొంది.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన మరొక వ్యాజ్యంలో 2013లో ఇదే సూత్రం మళ్ళీ పనిచేసింది. భార్యాభర్తలిద్దరూ వైద్యులు. భార్యకు స్కిజోఫ్రెనియా ఉందని భర్త ఆరోపించగా కింది కోర్టు విడాకులు మంజూరు చేసింది; హైకోర్టు దానిని తిరగదోసింది; సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థించింది. ఆమె చదువు పూర్తి చేసి ప్రభుత్వ వైద్యురాలిగా పనిచేస్తూ ఉండటమే తీవ్రమైన రుగ్మత లేదనడానికి ప్రధాన ఆధారాలలో ఒకటైంది. ఈ తీర్పు మేలైనదే. అయినా ఒక సందేహం మిగులుతుంది. ప్రభుత్వోద్యోగం లేని, చదువు ఆగిపోయిన, ఇంటి చాకిరీ మాత్రమే చేస్తున్న స్త్రీ తన సామర్థ్యానికి ఏ రుజువు చూపాలి? ఆమె వండిన వంట, పెంచిన పిల్లలు సాక్ష్యంగా నమోదు కావు. ఇంటి పనిలో ఒకరోజు జరిగిన లోపం మాత్రం రోగలక్షణంగా నమోదు కాగలదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ ఈ దిశలో కొంత ముందుకు వెళ్ళింది. సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలకు అనుగుణంగా నడుచుకోకపోవడం మానసిక రోగానికి నిర్ధారణ కాకూడదని చెప్పింది. గతంలో చికిత్స పొందినంత మాత్రాన అదొక్కటే ఇప్పటి, రేపటి నిర్ధారణకు ఆధారం కాదని కూడా అన్నది. లూయిస్, ఆపిల్‌బీ తమ వృత్తాంతంలో చేర్చిన ఆ ఒక్క వాక్యం ఎంత బరువైనదో గుర్తు చేసుకుంటే ఈ రెండవ నిబంధన విలువ తెలుస్తుంది. అయితే చట్టం నిర్ణయాన్ని నియంత్రించగలదు కానీ చదివే చూపును నియంత్రించలేదు. ఆ చూపు కేస్‌షీట్‌లోని వాక్యాల మీద పడుతుంది. తెలుగు రాష్ట్రాలలో ఆ వాక్యాలు మొదట తెలుగులో పుడతాయి.

6. తెలుగు వాక్యంలో రోగి

తెలుగు వ్యాకరణం నామాలను మహత్తులు, అమహత్తులుగా విభజించింది. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివి మహత్తులని సూరి నిర్వచనం. ఏకవచనంలో స్త్రీవాచకం అమహత్తుతో కలుస్తుంది; బహువచనంలో మహత్తుతో సమానమవుతుంది. వాడుకలో ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’, ‘వర్షం వచ్చింది’ అన్న మూడింటికీ క్రియ ఒకటే. ఇది భాషానిర్మాణమే కానీ ఎవరి దురుద్దేశమూ కాదు. వ్యాకరణం ఆలోచనను శాసిస్తుందని ఇక్కడ వాదించడం లేదు. వృత్తాంతంలో లింగాన్ని దాచడం తెలుగులో ఎంత కష్టమో చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఫోర్డ్, విడిగర్ ప్రయోగంలో రోగి లింగం చెప్పని ప్రతి ఒకటి ఉందని పైన చూశాం. ఆ ప్రతిని తెలుగు చేయబోతే మొదటి వాక్యంలోనే చిక్కు వస్తుంది. కర్తను విడిచిపెట్టినా క్రియ చెప్పేస్తుంది. ‘రెండేళ్ళ క్రితం నిద్రమాత్రలు మింగాడు’ అంటే పురుషుడు. ‘మింగింది’ అంటే స్త్రీ. తెలంగాణ వ్యవహారంలో ‘మింగిండు’ అన్నా ఇదే పరిస్థితి. ‘రోగి’ అన్న మాటను కర్తగా పెడితే కలం దానంతట అదే ‘రోగి చెప్పాడు’ అని మహద్రూపం వైపు నడుస్తుంది. లింగం చెప్పని వయోజన వ్యక్తి పురుషునిలా తేలడాన్ని బ్రోవర్‌మన్ ప్రశ్నావళిలో చూశాం. ఇక్కడ అది క్రియాంతంలో కనిపిస్తుంది.

దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది గౌరవ బహువచనం: ‘నిద్రమాత్రలు మింగారు’. లింగం కనుమరుగవుతుంది కానీ దాని స్థానంలో మర్యాద వచ్చి చేరుతుంది. ‘మింగారు’ అన్న రోగిపై చదువరికి కలిగే భావం ‘మింగింది’ అన్న రోగిపై కలిగే భావం కాదు. అది వయస్సును, చదువును, కులాన్ని, ఆర్థికస్థితిని కూడా ఊహింపజేస్తుంది. రెండవది కార్యాలయాల తెలుగు: ‘నిద్రమాత్రలు మింగడం జరిగింది’. భాషాభిమానులు ఈ ‘జరిగింది’ ప్రయోగాన్ని ఎన్నో ఏళ్ళుగా ఎగతాళి చేస్తున్నారు. చాలా సందర్భాలలో ఆ ఎగతాళి న్యాయమైనదే. ఇక్కడ మాత్రం కర్తనూ లింగాన్నీ మర్యాదనూ ఒకేసారి పక్కన పెట్టే వాక్యం అదొక్కటే. అందుకు చెల్లించే మూల్యం, మనిషి లేని సంఘటనగా బాధ మిగలడం.

అంతకంటే ముఖ్యమైన మార్పు అనువాదంలో జరుగుతుంది. రోగి వృత్తాంతాన్ని చాలాసార్లు రోగి కాక వెంట వచ్చినవారు చెబుతారు. వివాహిత విషయంలో భర్త, అత్త, ఆడపడుచు, తల్లి, అన్న చెప్పవచ్చు. ఉదాహరణకు ‘అది చెప్పిన మాట వినదు, ఎదురు తిరుగుతుంది’ అన్న వాక్యాన్ని ఊహించవచ్చు. దీనిలో రెండు సమాచారాలు ఉన్నాయి. ఒకటి రోగి ప్రవర్తన గురించి. రెండవది చెబుతున్న వ్యక్తికి రోగితో ఉన్న సంబంధం గురించి. ఈ రెండవది ‘అది’ అన్న సర్వనామంలో ఉంది. తల్లి నోట ‘అది’ చనువు కావచ్చు. మరొకరి నోట అదే మాట చులకన. అదే విషయాన్ని ‘ఆమె’, ‘ఆవిడ’, ‘మా అమ్మాయి’, ‘మా కోడలు’ అన్న మాటలతో చెప్పిన ప్రతిసారీ సంబంధం మారుతుంది. పురుషుని గురించి ‘వాడు’, ‘అతను’, ‘ఆయన’ అన్న మెట్లు కూడా ఇలాంటివే. తెలుగు విన్నవారికి చెప్పేవారి పక్షపాతం వెంటనే పట్టుబడుతుంది.

కేస్‌షీట్ ఇంగ్లీషులో ఉంటుంది. ఆ వాక్యం అక్కడికి చేరేసరికి సర్వనామాల మెట్లన్నీ ఒకే మాటగా చదునైపోతాయి. మాట వినకపోవడం, ఎదురు తిరగడం మాత్రం అవిధేయ, దూకుడు ప్రవర్తనగా లక్షణాల వరుసలో నిలబడతాయి. పక్షపాతపు గుర్తు చెరిగిపోతుంది. పక్షపాతంతో వచ్చిన సమాచారం నిలిచిపోతుంది. తరువాతి వైద్యుడు ఆ పుట తెరిచినప్పుడు దానిని చెప్పినదెవరో, ఏ స్వరంతో చెప్పారో తెలుసుకునే మార్గం ఉండదు. రోగి స్వయంగా చెప్పుకున్న ‘గుండె దడ’, ‘ఒళ్ళంతా మంటలు’, ‘కాళ్ళుచేతులు లాగడం’ కూడా ఈ దారిలోనే శరీరభాషను పోగొట్టుకుంటాయి. ఆ మాటలు ఇంగ్లీషులో కారణం దొరకని శారీరక ఫిర్యాదులుగా మారతాయి. అక్కడి నుంచి ‘నాటకం’ అన్న ధ్వనికి ఎంతో దూరం లేదు.

పైన చూసిన ప్రయోగాలన్నీ ఇంగ్లీషు వృత్తాంతాలతో, ఇంగ్లీషు చదివే చికిత్సకులతో జరిగాయి. తెలుగు రాష్ట్రాల చికిత్సకుడు రెండు భాషల మధ్య పనిచేస్తాడు: చెవితో తెలుగు విని, చేత్తో ఇంగ్లీషు రాస్తాడు. అతని చూపును పరీక్షించాలంటే రోగనామాన్నీ లింగాన్నీ మార్చడం సరిపోదు. ఒకే వృత్తాంతాన్ని ‘మింగింది’, ‘మింగాడు’, ‘మింగారు’, ‘మింగడం జరిగింది’ అన్న నాలుగు క్రియారూపాలలో సిద్ధం చేయాలి. చెప్పేవారి సర్వనామాన్ని ‘అది’ నుంచి ‘ఆవిడ’కు మార్చి చూడాలి. విన్న తరువాత ఇంగ్లీషులో కేస్‌షీట్ రాయించి, రోగనిర్ధారణ గడిని చివరి వరకు ఖాళీగా ఉంచమనాలి. ఏ మాట ఎక్కడ రాలిపోయిందో, ఏ విశేషణం ఎక్కడ కొత్తగా చేరిందో పోల్చి చూడటం భాషాశాస్త్ర, సాహిత్య పరిశోధకులకు అలవాటైన పనే. పాఠపరిష్కరణలో ప్రతుల భేదాలను గుర్తించేవారు ఇందులో మానసిక వైద్యుల పక్కన కూర్చోవచ్చు. ఆ నాలుగు ప్రతులలో మొదట తయారు కావలసినది ‘మింగారు’ ప్రతి. ఆ మర్యాద రోగి వయస్సుకు దక్కిందో, ఆస్తికి దక్కిందో చదువరి ఊహకు వదలకుండా, వాటిని వృత్తాంతంలోనే ఏ మేరకు చెప్పాలన్నది ముందుగా తేలవలసిన చిక్కు.